గడప మీద గుర్తు, టీషర్టు మీద గుర్తు

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయికి 22 ఏళ్లు. హైదరాబాద్‌లో బీటెక్ పూర్తిచేశాడు, అక్టోబరులో ఎమ్మెస్‌కి జర్మనీ వెళ్తున్నాడు. నలుగురు స్నేహితులతో రాక్ బ్యాండ్ పెట్టుకుని గిటార్ వాయిస్తాడు. మొన్న ఇంటికొచ్చినప్పుడు ఛాతీ మీద స్వస్తిక్ ఉన్న నల్ల టీషర్టు వేసుకున్నాడు. మావారు చూసి ‘ఇన్నాళ్లకి దేవుడి గుర్తున్న చొక్కా వేశాడు’ అని సంబరపడి వీధిలో నలుగురికీ చెప్పారు. వాడు మాత్రం ముఖం మాడ్చుకుని లోపలికి పోయాడు. ఆ ఆదివారం స్టట్‌గార్ట్‌లో ఉండే మా ఆడపడుచు కొడుకు వీడియో కాల్‌లో చూసి ‘అత్తా, అది మన స్వస్తిక్ కాదు, హిట్లర్ గుర్తు. ఇక్కడ వేసుకుని బయటికొస్తే కేసు’ అన్నాడు. అప్పట్నుంచి ఇంట్లో రచ్చే. బ్యాండ్ పేరు కూడా నాజీ క్యాంపుల్లోంచి తీసుకున్నదేనట (ఆ పేరు దయచేసి అచ్చు వేయకండి). అడిగితే ‘అది ఐరనీ అమ్మా, నీకు అర్థం కాదు’ అంటాడు. మావారు గిటార్ అమ్మేయమంటున్నారు. ఇద్దరూ మాట్లాడుకుని నెలైంది. ‘మీ అబ్బాయికి పెరుగు కావాలేమో అడుగు’ అని ఆయన, ‘నాన్నని టీవీ సౌండ్ తగ్గించమను’ అని వాడు, మధ్యలో నేను. టీషర్టు నా బీరువాలో చీరల కింద దాచాను. కాల్చేయనా?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: కాల్చకండమ్మా. చీరల కింద నుంచి తీసి, మడతపెట్టి వాడి గదిలోనే పెట్టేయండి. దాచినకొద్దీ దానికి విలువ పెరుగుతుంది, ఈ వయసులో మరీనూ.

మీ ఉత్తరంలో ఒక చోట ఆగి మళ్లీ చదివాను. తండ్రి సంబరపడ్డాడు, కొడుకు ముఖం మాడ్చుకున్నాడు. నవ్వొచ్చింది, తప్పుగా అనుకోకండి. 1976లో లండన్‌లో పంక్ అనే తిరుగుబాటు రాక్ సంగీతం కొత్తగా వచ్చినప్పుడు సూజీ సూ అనే గాయని చేతికి నాజీ పట్టీ కట్టుకుని తిరిగింది. సిడ్ విషస్ అనే కుర్రాడు ఆ గుర్తున్న చొక్కా తొడిగాడు. వాళ్లకి నాజీలంటే ప్రేమేమీ లేదు. యుద్ధం ముగిసి ముప్ఫై ఏళ్లైనా పొద్దస్తమానం హిట్లర్ సంగతులే చెప్పే అమ్మానాన్నల ఒళ్లు మండించడానికి ఆ పని చేశామని ఆవిడే తర్వాత చెప్పింది. ఆ ఊరి మీద బాంబులు పడ్డాయి కాబట్టి అక్కడి తండ్రులకి నిజంగానే మండింది. మీవాడు అదే బాణాన్ని గుంటూరులో వేశాడు. తగలాల్సిన తండ్రేమో దాన్ని కళ్లకద్దుకున్నాడు! పాపం, వాడి ఉక్రోషం అదీ.

తప్పు మీవారిదీ కాదు. మనకి స్వస్తిక్ అంటే గడప మీద పసుపూ కుంకుమా, కొత్త ఖాతా పుస్తకం మొదటి పేజీ. హిట్లర్ అన్న మాటకి కూడా మన దగ్గర పదును లేదు. గట్టిగా అరిచే నాన్న ప్రతి ఇంట్లోనూ హిట్లరే. 1997లో చిరంజీవి సినిమాకి ఆ పేరు పెడితే మనమెవరం ఉలిక్కిపడలేదు. 2012లో అహ్మదాబాద్‌లో ఒక బట్టల కొట్టుకి అదే పేరు పెట్టారు. భాగస్వాముల్లో ఒకరి తాతగారు మహా కచ్చితమైన మనిషట, అందుకని ఆయన్నలా పిలిచేవారట. ఆ ఊళ్లో ఉన్న కొద్దిమంది యూదులు నొచ్చుకున్నాక ఆ బోర్డు మారింది.

ఇక స్టట్‌గార్ట్ మేనల్లుడు చెప్పింది పూర్తిగా నిజం. జర్మనీ శిక్షాస్మృతిలో 86ఎ సెక్షన్ కింద నాజీ గుర్తుల్ని బహిరంగంగా వాడితే జరిమానా గానీ, మూడేళ్ల దాకా జైలు గానీ ఉంటుంది. కళకీ, చరిత్ర చెప్పడానికీ మినహాయింపు ఉంది. కానీ ట్రామ్ స్టాప్‌లో నిలబడ్డ టీషర్టు కళ అని పోలీసుకి నచ్చజెప్పుకోవాల్సింది మీవాడే, అదీ వచ్చీరాని జర్మన్‌లో.

ఇక్కడ ఒక కేసు గురించి వాడికి చెప్పండి, ఆసక్తిగా వింటాడు. స్టట్‌గార్ట్ దగ్గర పంక్ సరుకులమ్మే ఒక వ్యాపారి, స్వస్తిక్ మీద అడ్డంగా గీత కొట్టిన బ్యాడ్జీలూ, చొక్కాలూ అమ్మాడు. నాజీలు వద్దని చెప్పే సరుకే, అయినా అక్కడి కోర్టు జరిమానా వేసింది. 2007లో పై కోర్టు దాన్ని కొట్టేసింది: చూడగానే నాజీలకి వ్యతిరేకమని తెలిసిపోతోంది కాబట్టి నేరం కాదంది. తేడా అంతా ఆ ఒక్క అడ్డగీతలో ఉంది. మీవాడి చొక్కా మీద ఆ గీత ఎక్కడుంది? వాడి మనసులో ఉంది. వాడనే ఐరనీ అదే, పైకి ఒకటి, లోపలి అర్థం ఇంకొకటి. రోడ్డు మీద ఎదురొచ్చే ముసలావిడకి వాడి మనసు కనపడదుగా.

అది కనపడకపోతే ఏమవుతుందో కూడా చరిత్రే చూపించింది. డెడ్ కెన్నెడీస్ అని అమెరికాలో ఒక బ్యాండ్ ఉండేది, పేరులోనే రెచ్చగొట్టడం ఉంది. పంక్ కచేరీల్లోకి రౌడీ మూకలు జొరబడి నాజీల్లా కొట్లాటలకి దిగడంతో, 1981లో వాళ్లని పొమ్మని బూతులు తిడుతూ పాట కట్టాల్సి వచ్చింది. అందులో ఐరనీ ఏమీ లేదు, నేరుగా తిట్టే.

అలాగని రెచ్చగొట్టే పేర్లన్నీ పిల్లచేష్టలని నేననను. మనకే దిగంబర కవులున్నారు. 1965లో తొలి సంపుటిని హైదరాబాద్‌లో అర్ధరాత్రి ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. పాత పేర్లు వదిలేసి నగ్నముని, జ్వాలాముఖి, భైరవయ్య అయ్యారు. పెద్దమనుషులు చెవులు మూసుకున్నారు. అమెరికాలో ఆసియా మూలాలున్న కుర్రాళ్లు తమ కళ్ల తీరుని వెక్కిరించే తిట్టునే బ్యాండ్ పేరుగా పెట్టుకుని, ట్రేడ్‌మార్క్ ఇవ్వనంటే సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2017లో గెలిచారు. వీళ్లు విప్పింది తమ బట్టలే, నెత్తికెత్తుకున్నది తమకి తగిలిన తిట్టే. మీవాడి బ్యాండ్ పేరు ఎవరి ఒంటి మీది గాయం? ఈ ప్రశ్న మీరు అడగొచ్చు. దీనికి ఐరనీ అర్థం కానక్కర్లేదు.

అడిగే ముందు ఒక పని చేయండి. వాడి గదిలో నల్ల పోస్టర్ మీద తెల్లటి అలల గీతలేమైనా ఉన్నాయేమో చూడండి. ఈసీజీ అనుకునేరు. అది ఒక నక్షత్రం నుంచి వచ్చిన రేడియో తరంగాల బొమ్మ, జాయ్ డివిజన్ అనే ఇంగ్లండ్ బ్యాండ్ ఆల్బమ్ అట్ట. ఆ బ్యాండ్ పేరు నాజీ క్యాంపుల్లో ఆడవాళ్లని బంధించి వాడుకున్న విభాగానికి ఒక నవలలో ఉన్న పేరు. వాళ్ల సంగీతమంటే నాకూ ఇష్టమే, పేరు దగ్గరే ముల్లు గుచ్చుకుంటుంది. ఆ పోస్టర్ ఉంటే పక్కన కూర్చుని ‘ఈ పేరెక్కడిదిరా, ఆ ఆడవాళ్ల సంగతేంటి, చెప్పు’ అనండి. మీరు మాట్లాడకండి. అమ్మకి ఆ సంగతి నోరు తెరిచి వివరించాల్సి వచ్చినప్పుడు వాడికి తన బ్యాండ్ పేరు కొత్తగా వినిపిస్తుంది. వినిపించకపోతే, కనీసం తడబడతాడు. అది చాలు ప్రస్తుతానికి.

మీవారి విషయం వేరు. ఆయన కోపంలో సగం సిగ్గే. వీధంతా చెప్పుకున్నారు కదా! అది ఒప్పుకోలేక గిటార్ మీద పడ్డారు. చొక్కాకీ గిటార్‌కీ ముడిపెట్టొద్దని ఆయనకి ఒంటరిగా ఉన్నప్పుడు చెప్పండి. రేపు పరాయి దేశంలో చలికాలం సాయంత్రాలు నాలుగున్నరకే చీకటి పడితే వాడికి తోడుండేది ఆ గిటారే.

సూట్‌కేసు సర్దేటప్పుడు టీషర్టు ఏం చేయాలో వాడినే తేల్చుకోనివ్వండి, మేనల్లుడు చెప్పిన కేసు సంగతి ఒక్కసారి గుర్తుచేసి ఊరుకోండి. ఇక ఈ రాత్రి నుంచే, పెరుగు గిన్నె ఆయన దగ్గర, టీవీ రిమోట్ వాడి దగ్గర పెట్టేసి మీ కంచం తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోండి. పిలిచినా పలక్కండి.