మొరాయించేది ఎద్దా, ప్రింటరా?

ప్రశ్న: "ప్రింటరు మొరాయించింది" అని ఆఫీసులో అందరికీ పంపే సమాచారంలో రాశాను. మొరాయించడం ప్రాణమున్న వాటికే చెల్లుతుందని, యంత్రానికి "హ్యాంగ్ అయింది" అనాలని తోటి ఉద్యోగి ఒకరు అన్నారు. "మొర" నుంచే మొరాయించు పుట్టిందని కూడా ఆయన వాదన. మరొకరు నా వాక్యాన్ని "ప్రింటరు మొరాయించబడింది" అని దిద్దారు. ఏది ఒప్పు?
– ఒక పాఠకురాలు

సమాధానం: మీ వాక్యంలో వ్యాకరణదోషం లేదు. కాడి కింద ఎద్దు, జీను కింద గుర్రం అడుగు వేయనని నిలబడిపోతే అనే మాట ఇది. పత్రికలవారు దాన్ని ఓటింగ్ యంత్రాలకూ సర్వర్లకూ ఎప్పుడో అలవాటు చేశారు. ప్రాణం లేనివాటికి చెల్లదనేవారు "గడియారం నడుస్తోంది" అనడం కూడా మానుకోవాలి.

మొర నుంచి పుట్టిందనడాన్ని మాత్రం నేను ఒప్పుకోను. మొర పెట్టుకునేవాడు ఎదుటివాడి సాయం కోరతాడు. మొరాయించేది ఎవరెంత చెప్పినా లొంగదు. ఈ రెంటినీ కలపడానికి ధ్వని ఒక్కటే చాలదు.

అసలు ఆ మాట చివర ఉన్న "ఆయించు"ను చూడండి. ఫిరాయించు, సతాయించు, దబాయించు, ఉడాయించు, చలాయించు, బనాయించు: ఇదంతా ఒక కుటుంబం. హిందీ ఉర్దూల్లోని ఫిరానా, సతానా, దబానా, ఉడానా, చలానా, బనానా క్రియల్లో చివరి "నా" తీసేస్తే ఫిరా, సతా, దబా అని ఆకారాంతాలు మిగులుతాయి. వాటి మీద మన "ఇంచు" చేరగా మధ్యలో యడాగమం వచ్చింది. అంతే, పరాయి క్రియ తెలుగు క్రియ అయి కూర్చుంది. అర్థాలనూ మనకు కావలసినట్టు మలుచుకున్నాం. ఉడానా అంటే ఎగరేయడం; మన ఉడాయించినవాడు తానే పారిపోతాడు. బనానా అంటే ఏదైనా తయారుచేయడం. మనం బనాయించేది దొంగకేసు మాత్రమే. ఫిరానా అంటే తిప్పడం. మన దగ్గర ఫిరాయించేది మాట, పార్టీ. తిప్పడం, నొక్కడం, నడపడం, వేధించడం: ఈ మాటల్లో ఎక్కువ భాగం పెత్తనం చేసేవాడి మాటలేనని కూడా గమనించండి.

మరి మొరాయించు ఈ ఇంటిదేనా? రూపం చూస్తే అవుననిపిస్తుంది. హిందీలో మోడ్‌నా (మళ్ళించడం), ముడ్‌నా (మళ్ళడం) ఉన్నాయి, అర్థమూ దగ్గరే. కానీ ఉడానాలోని డకారం ఉడాయించులో చెక్కుచెదరలేదు. ఆ లెక్కన మనకు రావలసింది "మొడాయించు". డకారం రేఫ ఎందుకైందో చెప్పకుండా ఆ వ్యుత్పత్తిని అంగీకరించడం కష్టం. ఇంకో దారి మన "మోర". పశువు ముట్టెకు, ముఖానికి మోర అని పేరు. మోరెత్తి చూడడం అనే పలుకుబడి మీకు తెలిసిందే. కాడి ఒప్పుకోని ఎద్దు ముందు చేసే పని మోర ఎత్తడం, పక్కకు తిప్పడం. అర్థానికి ఇది చక్కగా అతుకుతుంది. ఓకారం హ్రస్వమైందేమని అడిగితే మాత్రం ఇక్కడా చిక్కే. నా మొగ్గు మోర వైపే, అయినా పందెం కాయను.

వ్యుత్పత్తి ఎలా తేలినా, ఆ "ఆయించు" కుటుంబం మనకొక పాఠం. సంస్కృత ధాతువులకు ఇంచు చేర్చి రచించు, ఖండించు చేసుకున్నాం. హిందీ క్రియలకు ఆయించు మప్పాం. ఇంగ్లీషు దగ్గరకు వచ్చేసరికి పచ్చి మాటను అలాగే ఉంచి పక్కన "అయింది", "చేశాను" నిలబెడుతున్నాం. హ్యాంగ్ అయింది, స్ట్రక్ అయింది, రీసెట్ చేశాను. అరిగించుకోవడం మానేశామని నా బాధ. తెలుగు బ్లాగులవాళ్ళు ఒకప్పుడు "బ్లాగించు" అన్నారు. ఆ చొరవ నాకెంతో నచ్చింది.

పైగా "హ్యాంగ్ అయింది" అన్నది ఏ జబ్బుకైనా ఒకే గోలీ అయిపోయింది. తెర వెలుగుతున్నా వేలికీ మౌస్‌కూ చలనం లేకపోతే "బిగుసుకుపోయింది" అనండి, ఎంత సరిగ్గా ఉంటుందో! విండోస్‌లో ఒక ప్రోగ్రాం 5 సెకన్ల పాటు మన నొక్కుళ్ళను పట్టించుకోకపోతే స్పందించడం లేదని దాని మీద ముద్ర పడుతుంది. అది పెద్ద ఫైలును భద్రపరుస్తూ ఉండవచ్చు, నెట్ నుంచి జవాబు కోసం కాచుకుని ఉండవచ్చు. రెండు మూడు నిమిషాలు ఆగకుండా బలవంతంగా మూసేస్తే భద్రపరచని పని పోతుంది. అందుకే ముందు అనవలసింది "కాచుకుంది", ఎంతకీ కదలకపోతే "బిగుసుకుపోయింది". దానంతటదే మాయమైతే "మూసుకుపోయింది". బ్యాటరీకి జనం ఇచ్చిన మాట మరీ ముచ్చటైనది: ఛార్జింగు ఎక్కుతుంది, దిగుతుంది. మత్తు, జ్వరం, విషం సరసన చేరిపోయింది.

ఇక మీ ప్రింటరు. మొరాయించింది అన్నారు సరే, చేసిందేమిటి? బాగుచేసేవాడికి కావలసింది అదే. కాగితం ఇరుక్కుందా? అయితే కరెంటు ఆపి, కాగితం సహజంగా కదిలే దిశలోనే రెండు చేతులతో మెల్లగా లాగాలి; చిరిగిన ముక్క లోపల మిగిలితే తర్వాతి కాగితం దానికే తట్టుకుంటుంది. ట్రేలోంచి కాగితం అందుకోవడం లేదా? రోలరు రబ్బరు దుమ్ముపట్టో అరిగి నున్నబడో ఉంటుంది. నూగు రాలని తడిగుడ్డతో తుడిచి, ఆరాక చూడాలి. ఒకేసారి మూడు నాలుగు లాగుతోందా? చెమ్మకు కాగితాలు అంటుకున్నాయి, కట్టను విదిలించి పెట్టాలి. చప్పుడే లేదంటే వరుసలో ముందున్న పని ఆగి, వెనకవాటిని ఆపేసి ఉండవచ్చు. దాన్ని రద్దు చేయకుండా బటన్ మళ్ళీ మళ్ళీ నొక్కితే, దారి తెరుచుకున్నాక నొక్కినన్ని ప్రతులూ బయటికి వస్తాయి. ఇరుక్కుంది, అందుకోవడం లేదు, ఎక్కువ లాగుతోంది, వరుసలో ఆగింది: నాలుగు తెలుగు క్రియలు, నాలుగు వేర్వేరు మరమ్మతులు. కారణం తెలియనంతవరకు మొరాయించు నిక్షేపంగా వాడండి. తెలిశాక వాడితే, ఉన్న సమాచారాన్ని దాచినట్టే.

మాట తేడా పని తేడా అవుతుందనడానికి ఇంకొకటి. "ఆపి మళ్ళీ వేశాను", "రీస్టార్ట్ చేశాను" ఒకటేనని అందరూ అనుకుంటారు. విండోస్ 8 నుంచి వచ్చిన వేగప్రారంభ సౌకర్యం పనిచేస్తున్నప్పుడు, షట్‌డౌన్ చేస్తే వ్యవస్థ మూలభాగపు స్థితి డిస్కులో దాచబడి, మళ్ళీ వేయగానే అదే స్థితి తిరిగి వస్తుంది. రీస్టార్ట్ చేస్తేనే అది మొదటినుంచి మొదలవుతుంది. కాబట్టి ఫిర్యాదులో ఏది చేశారో అదే రాయాలి.

"మొరాయించబడింది" అన్న దిద్దుబాటును కొట్టేయండి. మొరాయించు అకర్మకం, దానికి కర్మణి రూపం ఎక్కడిది? చివర ఇంచు కనిపించగానే "బడు" తగిలించడం ఈమధ్య ఆఫీసు తెలుగుకు పట్టిన జాడ్యం. నామవాచకం కావాలంటే "మొరాయింపు" అనవచ్చు.