కార్ల కబుర్ల కోర్సులో చేర్పించమంటారా?

ప్రశ్న: మా అబ్బాయి ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్ మూడో ఏడు. రోడ్డు మీద వాహనాలు తామెక్కడున్నాయో ఒకదానికొకటి చెప్పుకునే టెక్నాలజీకి మంచి భవిష్యత్తు ఉందంటున్నారు. ఆ స్పెషలైజేషన్‌లో చేర్పించాలా, సాఫ్ట్‌వేర్ వైపు పంపాలా? ఇప్పటికే ఆలస్యమైందేమోనని భయంగా ఉంది.

జవాబు: ముందు ఆ భయం సంగతి చూద్దాం. మీ అబ్బాయి పుట్టకముందు నుంచీ ఈ రంగం ‘రేపే వచ్చేస్తోంది’. అమెరికాలో 1999లోనే దీనికోసం 5.9 గిగాహెర్ట్జ్ దగ్గర 75 మెగాహెర్ట్జ్ స్పెక్ట్రమ్, అంటే రేడియో తరంగాల పట్టీ, పక్కన పెట్టారు. ఎదుటి కారులోనూ పరికరం ఉంటేనే నా కారులోదానికి విలువ కదా, మరి ముందు కొనేదెవరు? చూసి చూసి 2020లో అందులో 45 వైఫైకి ఇచ్చేశారు. మిగిలిన 30 కూడా వైఫై తరహాలో కార్లు మాట్లాడుకునే పాత డీఎస్‌ఆర్‌సీ పద్ధతికి కాదు, మొబైల్ ఫోన్ల టెక్నాలజీతో అదే పని చేసే సెల్యులార్ వీటూఎక్స్‌కి అన్నారు. అన్నేళ్ళూ డీఎస్‌ఆర్‌సీ ఒక్కటే పట్టుకు కూర్చున్నవాళ్ళ గతేమిటి? అందుకే టెక్నాలజీ పేరు తగిలించుకున్న కోర్సులంటే నాకు గురి కుదరదు.

లోపలి పని మాత్రం గట్టిది. ప్రతి బండీ తన స్థానం, వేగం, దిశ సెకనుకు 10 సార్ల దాకా చుట్టూ చాటుతుంది. వినడానికి ఇంతే. కానీ జీపీఎస్ ఓ 4 మీటర్లు తప్పితే, 3.5 మీటర్ల లేనులో పోతున్న కారు పక్క లేనులో తేలుతుంది. అబద్ధపు స్థానం చెప్పేవాణ్ణి పట్టాలంటే ప్రతి సందేశానికీ డిజిటల్ సంతకం ఉండాలి. ఎప్పుడూ ఒకే సంతకమైతే మనిషి ఎటు తిరుగుతున్నాడో ఎవరైనా కనిపెట్టేస్తారు, కాబట్టి ఆ సంతకాన్ని ధ్రువీకరించే సర్టిఫికెట్లు మారుపేర్లతో ఉండాలి, వాటిని మారుస్తూ పోవాలి. పొజిషనింగ్, వైర్‌లెస్, ఎంబెడెడ్ ప్రోగ్రామింగ్ (పరికరాల లోపలి చిప్‌లకు కోడ్ రాయడం), క్రిప్టోగ్రఫీ (సందేశాలకు తాళం, సంతకం వేసే విద్య) వచ్చినవాడికి ఈ రంగం మళ్ళీ కునుకు తీసినా టెలికాం ఉంది, డ్రోన్లు ఉన్నాయి.

సాఫ్ట్‌వేర్‌తో పోల్చమన్నారు. అక్కడ ఉద్యోగాలెక్కువ, పోటీ కూడా ఎక్కువ. ఇక్కడైనా రాసేది కోడే. మూడో ఏట ఏ తలుపూ మూసుకుపోదు, నిశ్చింతగా ఉండండి.

కానీ మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వాడికేం ఇష్టమో ఒక్క ముక్క లేదు. ‘చేర్పించాలా’, ‘పంపాలా’ అంటున్నారు, ఇరవై ఏళ్ళవాడేమన్నా పార్సిలా? సూమో అని ఉచిత ట్రాఫిక్ సిమ్యులేటర్ ఉంది. అందులో ఓ నాలుగు రోడ్ల కూడలి కట్టి, కార్లు చెప్పుకునే స్థానాల్లో కొన్ని మీటర్ల తప్పు కలిపి ఏమవుతుందో చూడమనండి. వారం తర్వాత ఎవరూ చెప్పకుండా మళ్ళీ తెరిస్తే నాకు ఉత్తరం రాయండి. కాదు, ఈసారి వాణ్ణే రాయమనండి.