ఒకటో క్లాసు పిల్లలు వేళ్ళ మీద లెక్కపెడుతుంటే మాన్పించాలా?

మాన్పించక్కర్లేదు, ఐదారేళ్ళ వయసులో వేళ్ళ మీద లెక్కపెట్టడం లెక్కలు నేర్చుకోవడంలో మామూలు దశే, అలవాటు పడేకొద్దీ చాలామంది పిల్లలు వాళ్ళంతట వాళ్ళే వదిలేస్తారు. ఎందుకంటే ఆ వయసులో 8 అంటే నోటికొచ్చిన ఒక మాట, పలక మీద రాసే ఒక గుర్తు, అంతే. అది ఎన్నో కంటికి కనపడాలి, చేతికి తగలాలి, దానికి ఎప్పుడూ దగ్గరుండేవి వేళ్ళే (చింతపిక్కలైనా పర్లేదు, కానీ ఇల్లంతా పోస్తారు).

ఉదాహరణకి 8+5 తీసుకోండి. మొదట్లో ఎనిమిది వేళ్ళు తెరిచి ఒకటి నుంచి మొదలుపెడతారు, మధ్యలో వేళ్ళు చాలక తికమకపడతారు. అప్పుడు "ఎనిమిది మనసులో, ఐదు చేతిలో" అని చెప్పి తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు, పదమూడు అంటూ ఒక్కో వేలు ముడిపించండి. ఇది బాగా వచ్చాక 8కి 2 కలిపితే పది, ఇంకా మూడున్నాయి కాబట్టి 13 అని చూపిస్తే వేళ్ళతో పని చాలావరకు తగ్గిపోతుంది.

చాలామంది పొరబడేదేంటంటే వేళ్ళు వాడితే లెక్కల్లో వీక్ అనుకుంటారు. చేతులు కట్టుకోమంటే టేబుల్ కింద దాచుకుని లెక్కపెడతారు, లేదంటే ఏదో ఒక నంబర్ చెప్పేస్తారు. మన పెద్దవాళ్ళు బొటనవేలితో కణుపులు తడుముతూ ఒక్కో చేతి మీద 12 దాకా లెక్కేసేవాళ్ళు, వాళ్ళని ఎవరూ వీక్ అనలేదు కదా. మూడో క్లాసుకొచ్చినా 3+2కి కూడా ఒకటి నుంచే మొదలుపెడుతుంటే మాత్రం టీచర్‌తో ఒకసారి మాట్లాడండి.