రోజూ లిస్టు రాసినా గోడౌన్ సర్దడంతోనే సరిపోతోందా?

తేడా మీ లిస్టులో ఉందండీ. పట్నంబజార్లో షాపు చూసుకుంటూ రోజూ ‘జీఎస్టీ, బాకీలు, గోడౌన్, బండి ఇన్సూరెన్స్’ అని రాసుకుంటున్నా చివరికి గోడౌనే సర్దుతున్నానన్నారు కదా. దాన్ని ఎక్కడ మొదలెట్టాలో చేతులకు తెలుసు, మిగతావాటికి తెలియదు, అందుకే కాళ్లు అటే పోతాయి.

1. ఆలస్యమైతే డబ్బు పోయేవి ముందు విడదీయండి. జీఎస్టీ రిటర్న్ నెలనెలా వేసేవాళ్లకు 3బీ (అమ్మకాలు, కట్టాల్సిన పన్ను చూపించే ఫారం) గడువు తర్వాతి నెల 20. దాటితే మామూలుగా రోజుకు 50 రూపాయల లేటు ఫీజు, కట్టాల్సిన పన్నుమీద ఏడాదికి 18 శాతం వడ్డీ. గోడౌన్ ఎక్కడికీ పారిపోదు.

2. అందరూ వదిలేసేది ఇదే. ‘జీఎస్టీ’ అని రాస్తే అది పనుల మూట, చూడగానే టెన్షన్. మొదట చెయ్యి దేనిమీద పడాలో అది రాయండి: ‘గత నెల కొనుగోలు బిల్లులు ఫొటో తీసి ఆడిటర్ గారికి వాట్సాప్ చేయాలి’. అదీ బరువనిపిస్తే ‘సొరుగులోంచి బిల్లుల కవరు తీసి కౌంటర్ మీద పెట్టాలి’. నవ్వొచ్చేంత చిన్నదైనా పర్లేదు. బాకీలకైతే పార్టీ పేరు, ఎంత రావాలి, ఫోన్ నంబరు కాగితం మీదే ఉండాలి, నంబరు వెతుకుదామని ఫోన్ తీస్తే రీల్స్‌లోకి వెళ్లిపోతాం.

3. షట్టర్ ఎత్తగానే, బేరాలు మొదలవకముందే ఆ ఒక్కటి కానిచ్చేయండి. సాయంత్రం అనుకుంటే అయినట్టే!

ఇన్సూరెన్స్ అసలు లిస్టులో పెట్టకండి. అది లేకుండా బండి రోడ్డెక్కించడమే నేరం, ఇది చదవగానే ఫోన్లోనే రెన్యూ చేసేయండి.