పీహెచ్‌డీకి పోతున్న బుజ్జమ్మకి

బుజ్జమ్మా,

నీకు నర్సింగ్‌లో పీహెచ్‌డీ సీటు వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసినప్పుడు పచ్చిమిరపకాయలు తరుగుతున్నాను. ఆ చేత్తోనే కళ్ళు తుడుచుకుని అరగంట మొహం కడుక్కున్నాను. సంతోషం అట్లా ఉంచు, రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. స్టడీ లీవు కాగితం మీద ఉండాలి, నోటిమాట నమ్మొద్దు. ఎథిక్స్ కమిటీ అనుమతి చేతికి రాకుండా ఒక్క పేషెంటునీ ప్రశ్న అడగొద్దు. యూజీసీ 2022 నిబంధనల్లో కనీసం 3 ఏళ్ళు, గరిష్ఠం 6 ఏళ్ళు అని ఉంది. నువ్వు అయిదు వేసుకో, సంబంధాలు చూస్తున్న మీ అమ్మకీ అదే చెప్పు. గైడ్ గురించి మధ్యలో మానేసిన వాళ్ళని అడుగు. పూర్తిచేసిన వాళ్ళు మంచే చెప్తారు.

టాపిక్ తేలలేదన్నావు. డయాలసిస్ పేషెంట్లకి ఫోన్ యాప్ ఒకటి, కనిగిరి వైపు ఫ్లోరైడ్ ఊళ్ళలో మంచం పట్టిన వాళ్ళని ఇంట్లో ఎవరు చూసుకుంటున్నారన్నది ఇంకొకటి. నన్నడిగితే రెండోదే. అక్కడి ఫ్లోరోసిస్ గురించి, అదే ఫ్లోరైడ్ నీళ్ళు తాగి ఎముకలూ కీళ్ళూ బిగుసుకుపోయే జబ్బు గురించి, డాక్టర్లు 1937లోనే రాశారు. అప్పటికి ఆ వైపు మన నెల్లూరు జిల్లాలోనే ఉండేది, 1970లో గదా ఒంగోలు జిల్లా అయింది. లీటరు నీళ్ళలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని అందరూ రాస్తారు. వెన్ను బిగుసుకుపోయిన అత్తని కోడలు ఒక్కతే పక్కకి ఎట్లా తిప్పుతుందో నర్సు కాక ఎవరు రాస్తారు?

ఇప్పుడు నా తప్పు. మీ అమ్మకి కూడా తెలియదు.

పొదిలి వైపు పనిచేసే రోజుల్లో నన్నొక ఫ్లోరోసిస్ సర్వేకి వేశారు. ఇంటింటికీ పోయి మూడు పరీక్షలు చెయ్యాలి. వంగి కాలివేళ్ళు తాకగలరా, గడ్డం ఛాతీకి ఆనించగలరా, చేతులెత్తి తల వెనక పెట్టుకోగలరా. ఒక్కోదానికి ఒక గడి. అది పొగాకు కాలం. ఆడవాళ్ళంతా తెల్లారకముందే బ్యారన్ల దగ్గర ఆకు కట్టడానికి పోయేవాళ్ళు. ఒక వీధిలో ఏడిళ్ళకి తాళాలు. మూడుసార్లు తిరిగాను. ఆఖరి బస్సు పోతే ఆ ఊళ్ళో పడుకోను చోటు లేదు, మర్నాడు ఫారాలు ఇచ్చెయ్యాలి. ఆ రాత్రి క్వార్టర్స్‌లో కూర్చుని ఏడూ నింపేశాను. తాకగలరు, ఆనించగలరు, పెట్టుకోగలరు. అనుమానం రాకూడదని రెండు ఫారాల్లో ఒక్కో గడి మార్చి, ఇంకో పెన్నుతో రాశాను. నా తెలివి చూడు! ఎవరూ అడగలేదు. పైగా ఫారాలు నీటుగా ఉన్నాయన్నారు.

రెండేళ్ళకి ఆ వీధి ఆమె ఒకతె చెయ్యి విరిగి వార్డుకొచ్చింది. ఊరూ ఇంటిపేరూ కేస్‌షీట్‌లో రాస్తుంటే నా పెన్ను ఆగింది. మాత్ర మింగను తల వెనక్కి వంచలేకపోయింది. గ్లాసు పట్టుకుని ఒళ్ళంతా వెనక్కి వాల్చింది, పడిపోకుండా కూతురు వీపు పట్టుకుంది. ఎన్నాళ్ళనుంచమ్మా అన్నాను.

"ఆరేళ్ళయింది సిస్టరమ్మా."

నా ఫారంలో ఆమెకి మూడు గడుల్లోనూ టిక్కులే.

ఆమెతో ఏమీ చెప్పలేదు. డిశ్చార్జి అయ్యేదాకా దిండు నేనే సర్దాను, దాంతో తీరిపోతుందా ఏంటి!

అందుకే చెప్తున్నా, తాళం ఉంటే తాళం అని రాయి. గైడ్ కేకలేస్తే వెయ్యనీ. శాంపిల్ తగ్గితే తగ్గిందని థీసిస్‌లో రాసుకో. నేనట్లాంటిదాన్నా పెద్దమ్మా అని మూతి ముడుస్తావు. నేనూ అట్లాంటిదాన్ని కాదే పిచ్చిదానా. బస్సు టైమయింది, అంతే.

కనిగిరిలో నాతో డ్యూటీ చేసినామె ఉంది. నిన్న ఫోన్ చేశాను. ఎంత రాత్రయినా తలుపు తీస్తానంది, నీకు మంచం వేసి ఉంచుతుందట. ఆమె నంబరు మీ అమ్మకిచ్చాను.

మీ పెద్దమ్మ