అమ్మాయిని దుబాయ్ ఎగ్జిబిషన్‌కి పంపే ముందు మలేషియా ఫైలు బయటికి తీయండి

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర ఊరు. పద్దెనిమిదేళ్లుగా చిన్న కారం మిల్లు నడుపుతున్నాను. మా అమ్మాయి బీకాం పూర్తిచేసింది. మిల్లు సరుకు విదేశాలకు పంపుతానని పట్టుబడుతోంది. ఒక అకాడమీ వాళ్లు నాలుగు రోజుల ఎక్స్‌పోర్ట్ శిక్షణ, ఆ తర్వాత దుబాయ్‌లో ఫుడ్ ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్లడం, రెండూ కలిపి లక్షా ఎనభై వేలు అంటున్నారు. మా బావమరిదేమో ఎంబీఏ ఇంటర్నేషనల్ బిజినెస్ చేయించమంటున్నాడు. ఈ రెండింటిలో ఏది మంచిది? 2019లో నేనే ఒకసారి మలేషియాకి కంటైనర్ పంపి ఆరు లక్షలు పోగొట్టుకున్నాను. ఆ సంగతి ఇంట్లో పూర్తిగా చెప్పలేదు. ఆడపిల్ల, ఇవన్నీ తట్టుకోగలదా?
– ఒక తండ్రి, గుంటూరు జిల్లా

జవాబు: అయ్యా, ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. పలాస నుంచి జీడిపప్పు వాళ్లు రాస్తారు, చీమకుర్తి నుంచి గ్రానైట్ వాళ్లు రాస్తారు, నర్సాపురం లేసు అల్లికల వాళ్లు కూడా రాశారు. అందరూ అడిగేది కోర్సు గురించే. అందరి భయమూ డబ్బు పోతుందని. మీ ఉత్తరంలో మాత్రం ఇంకొకటి ఉంది. మలేషియా సంగతి ఇంట్లో పూర్తిగా చెప్పలేదన్నారు చూడండి, నేను అక్కడే ఆగిపోయాను.

ముందు అకాడమీ సంగతి చూద్దాం. ఇప్పుడు ఫోన్ తెరిస్తే చాలు, ఎవరో ఒక కుర్రాడు కంటైనర్ పక్కన నిలబడి 'ఇంట్లో కూర్చుని ఎక్స్‌పోర్ట్ చేయండి, నెలకు లక్షలు' అంటుంటాడు. వాళ్లందరూ మోసగాళ్లని నేననను. కానీ వాళ్లు అమ్మేది ఏమిటో విడదీసి చూడండి. ఐఈసీ కోడ్ (ఎగుమతి, దిగుమతి చేసేవాళ్లకు ఇచ్చే నంబరు) ఎలా తీసుకోవాలో చెబుతారు. అది డీజీఎఫ్‌టీ (కేంద్రంలో విదేశీ వాణిజ్యం చూసే విభాగం) వెబ్‌సైట్‌లో ఐదు వందల రూపాయల పని, పాన్ నంబరే ఐఈసీ నంబరవుతుంది. ఏటా ఏప్రిల్–జూన్ మధ్య ఒకసారి వివరాలు అప్‌డేట్ చేయాలి, అంతే. ఎఫ్‌ఓబీ (ఓడ ఎక్కించేదాకా అయ్యే ధర) అంటే ఏమిటి, సీఐఎఫ్ (ఓడ కిరాయి, బీమా కూడా కలిపిన ధర) అంటే ఏమిటి అని ఒక పూట చెబుతారు. ఆఖర్న 'బయ్యర్ డేటా' అని ఒక ఎక్సెల్ షీటు ఇస్తారు. అదే షీటు ఆ బ్యాచ్‌లో ఉన్న నలభై మందికీ, అంతకు ముందు బ్యాచ్‌ల వాళ్లకూ ఇచ్చి ఉంటారు. ఆ దిగుమతిదారుడి మెయిల్‌కి రోజుకు ఎన్ని 'డియర్ సర్, వి ఆర్ లీడింగ్ ఎక్స్‌పోర్టర్స్' వస్తుంటాయో మీరే ఊహించుకోండి.

మీరు పంపిన బ్రోచర్ చదివాను. ఎనిమిది పేజీల్లో అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషం) అన్న మాట ఒక్కచోట కూడా లేదు. మిరప మీద బతికే ఇంటికి ఎగుమతి నేర్పుతామనేవాళ్లు ఆ మాట ఎత్తకపోతే ఇక వాళ్లు నేర్పేదేమిటి? యూరప్‌లో మిరపకు అఫ్లాటాక్సిన్ బీ1 కిలోకి 5 మైక్రోగ్రాములు దాటకూడదు, మొత్తం అఫ్లాటాక్సిన్లు 10 దాటకూడదు. కల్లంలో కాయ ఎండేటప్పుడు ఒక్క వాన పడి, రైతు పట్టా కప్పడం ఆలస్యమైతే ఆ లెక్క తప్పుతుంది. 2003లో మన దేశపు కారంలో తిండిలో వాడకూడని సూడాన్ రంగు ఉందని ఫ్రాన్స్‌లో బయటపడ్డాక యూరప్ తలుపులు ఎంత బిగుసుకున్నాయో మీ మిర్చి యార్డులో పెద్దవాళ్లను అడగండి. 2024లో ఎథిలీన్ ఆక్సైడ్ (క్రిములను చంపడానికి వాడే రసాయనం) ఉందని హాంకాంగ్, సింగపూర్ మన మసాలాల్లో కొన్నిటిని వెనక్కి తీయించాయి. మీ అమ్మాయి నేర్చుకోవాల్సింది ఇది. దీనికి లక్షా ఎనభై వేలు అక్కర్లేదు. స్పైసెస్ బోర్డు వాళ్ల నాణ్యతా పరీక్షల ల్యాబ్ గుంటూరులోనే ఉంది. ఎడ్లపాడు దగ్గర స్పైసెస్ పార్కు ఉంది. సుగంధద్రవ్యాలు ఎగుమతి చేయాలంటే ఆ బోర్డు దగ్గర ఎగుమతిదారుగా రిజిస్టరవడం ఎలాగూ తప్పదు. ఆ పని మీద మొదటి రోజు నుంచి అమ్మాయినే పంపండి. ఫారం నింపడానికి తిరిగిన నాలుగుసార్లలోనే సగం కోర్సు అయిపోతుంది.

అకాడమీ వాళ్లను ఒక్కటి అడిగి చూడండి. పోయిన ఏడాది మీరు స్వయంగా పంపిన సరుకు షిప్పింగ్ బిల్లులు (ఎగుమతికి కస్టమ్స్ దగ్గర పెట్టే పత్రాలు) రెండు చూపించండి, కొనేవాళ్ల పేర్లు కొట్టేసి ఇచ్చినా ఫరవాలేదు అనండి. చూపిస్తే ఆ నాలుగు రోజుల శిక్షణ గురించి మళ్లీ ఆలోచిద్దాం. దుబాయ్ మాత్రం ఇప్పుడే వద్దు, అప్పుడు కూడా నా మాట మారదు.

ఎందుకంటారా? దుబాయ్‌లో జరిగే గల్ఫుడ్ లాంటి ప్రదర్శనకు సందర్శకులుగా వెళ్లాలంటే వ్యాపారం ఉన్న ఎవరైనా ఆన్‌లైన్‌లో తామే రిజిస్టర్ చేసుకోవచ్చు. వీసా, టికెట్, హోటల్ మీ ఊరి ట్రావెల్స్ అతను చూస్తాడు. అంటే ప్యాకేజీలో దుబాయ్ భాగానికి మీరిచ్చేది తోడు వచ్చినందుకు కూలీ. అది కూడా కాదు నా అభ్యంతరం. అక్కడికి వెళ్లి అమ్మాయి ఏం చెబుతుంది? ఒక దిగుమతిదారు ఆగి, నమూనా వేళ్ల మధ్య నలిపి, 'ఇరవై అడుగుల కంటైనర్‌లో ఎంత సరుకు పడుతుంది, చెన్నై ఎఫ్‌ఓబీ ధర టన్నుకు ఎన్ని డాలర్లు, ఆస్టా కొలతలో రంగు ఎంత, స్కోవిల్ కొలతలో ఘాటు ఎంత' అని గుక్కతిప్పుకోకుండా అడుగుతాడు. ఆ నాలుగింటికీ తడుముకోకుండా జవాబు చెప్పలేకపోతే అర నిమిషంలో పక్క స్టాల్‌కి వెళ్లిపోతాడు. అక్కడ మిరప అమ్మేది మీ ఒక్కరే కాదు కదా, మీ యార్డులో మీకు రోజూ కనిపించే మొహాలే దుబాయ్‌లోనూ కనిపిస్తాయి. లెక్కలు చేతిలో లేకుండా ఎగ్జిబిషన్‌కి వెళ్లడం నేల విడిచి సాము చేయడమే. తిరిగొచ్చాక సంచీ నిండా విజిటింగ్ కార్డులుంటాయి. రబ్బరు బ్యాండు వేసి పెట్టిన ఆ కార్డుల కట్టలు నేను చాలా ఇళ్లలో చూశాను.

ఎగ్జిబిషన్ దండగ అనడం లేదు నేను. వరస చెబుతున్నాను. మొదట ఢిల్లీలో మార్చి నెలలో జరిగే ఆహార్ ప్రదర్శనకి సందర్శకురాలిగా వెళ్లమనండి. మూడు రోజులు అమ్మే ప్రయత్నం చేయకుండా, మిగతా కారం వాళ్లు కొనేవాళ్లతో ఎలా మాట్లాడుతున్నారో వింటూ నిలబడమనండి. ఆ తర్వాత అలాంటిదే ఏదైనా ప్రదర్శనలో సొంత స్టాల్. దేశంలో జరిగే ఎగ్జిబిషన్లకు కేంద్ర ఎంఎస్ఎంఈ శాఖ స్టాల్ అద్దెలో కొంత భరిస్తుంది, మహిళా పారిశ్రామికవేత్తలకు ఆ వాటా ఎక్కువ. విదేశాల్లో పాల్గొనడానికి అదే శాఖ వారి అంతర్జాతీయ సహకార పథకం ఉంది, విమాన చార్జీలు, స్టాల్ అద్దె కొంత తిరిగి ఇస్తారు. 'తిరిగి' అన్న మాట గమనించండి. ముందు మీ జేబులోంచే పెట్టాలి. బోర్డింగ్ పాసు దగ్గర్నుంచి ప్రతి కాగితం దాచి క్లెయిము పెట్టాలి, డబ్బు ఎప్పుడొస్తుందో అప్పుడు వస్తుంది. అదీ ఒంటరిగా పెట్టుకునే దరఖాస్తు కాదు, పరిశ్రమల సంఘమో ప్రభుత్వ సంస్థో తీసుకెళ్లే బృందంలో చేరాలి. దేనికైనా ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా కేంద్రం దగ్గర నమోదు) సరిగా ఉండాలి. మొదటిసారి ఎగుమతి చేసేవాళ్లకు రిజిస్ట్రేషన్ రుసుము, బీమా ప్రీమియం, పరీక్షల ఖర్చు కొంత తిరిగిచ్చే భాగం కూడా 2022లో ఆ పథకంలో చేరింది. మీకు పనికొచ్చేది ముందు అదే, దుబాయ్ టికెట్ కాదు.

ఉచిత శిక్షణ ఎక్కడ అని అడుగుతారు. కొత్త ఎగుమతిదారులను చేయిపట్టి నడిపించడానికి డీజీఎఫ్‌టీ 2011 నుంచి నిర్యాత్ బంధు పథకం నడుపుతోంది. ట్రేడ్ కనెక్ట్ అని 2024 సెప్టెంబరులో ఒక పోర్టల్ కూడా వచ్చింది. హైదరాబాద్ యూసఫ్‌గూడలో చిన్న పరిశ్రమలవాళ్లకు శిక్షణ ఇచ్చే నిమ్స్‌మే ఉంది, ప్యాకేజింగ్ నేర్పే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్‌కి హైదరాబాద్‌లో కేంద్రం ఉంది. కారం పొడికి ప్యాకింగే ప్రాణం కాబట్టి అక్కడి చిన్న కోర్సుకి డబ్బు పెట్టమంటే నేను వెనుకాడను. జిల్లా పరిశ్రమల కేంద్రం వాళ్లు పెట్టే వర్క్‌షాపులు కాస్త నిద్ర తెప్పిస్తాయి. అయినా వెళ్లమనండి, టీ విరామంలో పక్కన కూర్చున్న బ్యాంకు ఆఫీసరు దగ్గర దొరికే సమాచారం ఏ బ్రోచర్‌లోనూ ఉండదు.

ఇక మీ బావమరిదిగారి ఎంబీఏ. విదేశీ వాణిజ్యం నేర్పే ఐఐఎఫ్‌టీ 1963 నుంచి ఉన్న మంచి సంస్థ, 2022లో కాకినాడకీ వచ్చింది. క్యాట్ ప్రవేశ పరీక్ష సంగతులు అమ్మాయికి నాకంటే బాగా తెలుసు, అవి వదిలేద్దాం. ఖర్చు ఇరవై లక్షలు దాటుతుంది. అక్కడ చదివినవాళ్లలో ఎక్కువమంది బ్యాంకులకు, కన్సల్టింగ్‌కి, పెద్ద కంపెనీల అమ్మకాల విభాగాలకు వెళతారు. అందులో తప్పేమీ లేదు, అదొక చక్కని జీవితం. కానీ మీ అమ్మాయి అడిగింది అది కాదు కదా. తను మీ మిల్లు సరుకు పంపుతానంటోంది. ఇరవై లక్షల అప్పు తీర్చాల్సిన పిల్ల మళ్లీ మీ మిల్లుకు వచ్చి కూర్చుంటుందా? రెండు మూడేళ్లు పనిచేశాక తనకే అవసరం అనిపిస్తే అప్పుడు చదువుతుంది, అప్పుడు క్లాసులో ప్రతి మాటా దేని గురించో తెలిసి వింటుంది. ఏది మంచిదని అడిగారు కాబట్టి చెబుతున్నాను, ఈ ఏడాదికి రెండూ వద్దు. గుంటూరులో మిరప ఎగుమతి చేసే ఏదో ఒక కార్యాలయంలోనో, విశాఖలోనో చెన్నైలోనో సీహెచ్ఏ (కస్టమ్స్ పనులు చూసిపెట్టే ఏజెంటు) ఆఫీసులోనో ఆరు నెలలు డాక్యుమెంట్ల పనిలో పెట్టండి. జీతం తక్కువే ఉంటుంది. ఫైటో సర్టిఫికెట్, సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్, బిల్ ఆఫ్ లేడింగ్ లాంటి ఎగుమతి కాగితాలు చేత్తో పట్టుకుని తిరిగిన పిల్లను ఏ అకాడమీ వాడూ బురిడీ కొట్టించలేడు.

ఇప్పుడు మీ సంగతి. కోపం తెచ్చుకోకండి.

'ఆడపిల్ల తట్టుకోగలదా' అన్నారు. 2019లో తట్టుకోలేకపోయింది మీరు, ఆ పిల్ల కాదు. బీకాం చదివిన కూతురు ఇంట్లో ఉంటే ఆరు లక్షలు ఎలా పోయాయో ఆమెకు చూపించకుండా బీరువాలో పెట్టి తాళం వేశారు. ఇప్పుడు అవే ఎగుమతులు నేర్పమని ఎవరికో లక్షా ఎనభై వేలు కట్టబోతున్నారు! ఆ ఫైలు కంటే మంచి పాఠం ఈ రాష్ట్రంలో ఎక్కడ దొరుకుతుంది మీకు? ఇంకొకటి అడుగుతాను. పద్దెనిమిదేళ్లలో ఆమెను యార్డుకి ఎన్నిసార్లు తీసుకెళ్లారు? టిక్కీ (మిరప బస్తా) విప్పి తేజ రకానికీ బాడిగ రకానికీ తేడా, మంచి కాయకూ తాలు కాయకూ తేడా చూపించారా? మిల్లు కరెంటు బిల్లు ఎంతో ఆమెకు తెలుసా? ఏసీలో (కోల్డ్ స్టోరేజీలో) పెట్టిన సరుకు మీద బ్యాంకు అప్పు ఎంతుందో తెలుసా? అబ్బాయి అయితే ఇంటర్ సెలవుల్లోనే గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టేవారు. ఈపాటికి మిల్లు కాగితాల్లో భాగస్వామిగా పేరు కూడా ఎక్కేది.

సరే, తిట్టడం అయింది. మీ మలేషియా కథ నేను వందసార్లు విన్నదే, ఊరు పేరు మారుతుందంతే. మీరు డీఏ మీద, అరవై రోజుల గడువుతో పంపారని మీ ఉత్తరంతో పాటు పంపిన కాగితం చెబుతోంది. అంటే కొనేవాడు బిల్లు మీద సంతకం పెడితే చాలు, బ్యాంకు కాగితాలు ఇచ్చేస్తుంది, సరుకు విడిపించుకుంటాడు, డబ్బు తర్వాత. సరుకు చేతికొచ్చాక 'తేమ ఎక్కువుంది, రంగు తగ్గింది' అని డబ్బులో సగం కోశాడు. డీపీ అయితే డబ్బు కడితేనే కాగితాలు. దాంట్లోనూ చిక్కుంది, వాడు అసలు తీసుకోకపోతే పరాయి రేవులో సరుకు పడి ఉండి అద్దె పెరుగుతుంది. అందుకే మొదటి సరుకుకు కొంత అడ్వాన్సు, మిగతాది ఎల్‌సీ (కొనేవాడి బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ) మీదో డీపీ మీదో అడగాలి. ఒప్పుకోని కొనుగోలుదారును వదులుకోవాలి, అది కష్టమే.

ఈసీజీసీ (ఎగుమతిదారులకు బీమా ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ) బీమా ఉంటే బాగుండేదని మీరు అనుకుంటున్నారేమో. అక్కడా చాలామంది పొరపడతారు. కొనేవాడు దివాలా తీసినా ఎగ్గొట్టినా ఆ బీమా ఆదుకుంటుంది. నాణ్యత బాగాలేదని పేచీ పెడితే మాత్రం అతని దేశపు కోర్టులో మీరు గెలిస్తే తప్ప మామూలుగా వర్తించదు. మీ కేసు సరిగ్గా అదే. కాబట్టి మిమ్మల్ని కాపాడగలిగింది బీమా కాదు, ఓడ ఎక్కకముందు బయటి సంస్థతో చేయించిన తనిఖీ రిపోర్టు, సీలు వేసి ఇద్దరి దగ్గరా ఉంచుకున్న నమూనా ప్యాకెట్టు, ఒప్పందంలో తేమ ఇంత శాతం, రంగు ఇంత అని రాసిన రెండు వాక్యాలు. మూడూ కలిపి ఖర్చు వేలల్లోనే అయ్యేది. ఆరు లక్షలు పోయింది మీకు తెలివి లేక కాదు, ఈ మూడు సంగతులు చెప్పేవాళ్లు పక్కన లేక. మీ అమ్మాయికి చెప్పేవారున్నారు, మీరే ఉన్నారు. అందుకే ఆమె గురించి నాకు పెద్ద భయం లేదు. అడిగి తెలుసుకుంటానంటున్న పిల్ల ఆమె. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన తెలుగువాళ్ల దుకాణాలకు పావుకిలో ప్యాకెట్లు పంపుతానని అన్నా గాభరా పడకండి, అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏలో మిల్లు రిజిస్ట్రేషన్ చేయించాలని, సరుకు చేరేలోపే ముందస్తు నోటీసు ఇవ్వాలని గుర్తు చేయండి చాలు.

అకాడమీకి అడ్వాన్సు కట్టారా? కట్టకపోతే ఆపండి. కట్టి ఉంటే రసీదు వెనక వాపసు షరతులు చదవండి.

మలేషియా ఫైలు ఈ ఆదివారమే తీసి ఆమె ముందు పెట్టండి. ప్రొఫార్మా ఇన్వాయిస్ నుంచి ఆఖరి మెయిల్ దాకా తేదీల వరసలో పేర్చమనండి. మీరు పక్కన కూర్చోండి కానీ మధ్యలో అడ్డుపడి సర్దిచెప్పకండి. కొన్ని కాగితాలు ఈపాటికి పోయి ఉంటాయి. బిల్లు కాపీ మీ బ్యాంకులో అడిగితే దొరకవచ్చు, షిప్పింగ్ బిల్లు చెన్నైలో మీ సీహెచ్ఏ దగ్గర ఉండాలి. ఆ రెండింటికీ ఫోన్లు అమ్మాయితోనే చేయించండి.