రాతప్రతి పంపేశాక ఈ ఖాళీని ఏం చేసుకోవాలి?

ప్రశ్న: నాలుగేళ్లు కూర్చుని రాసిన నవల పోయిన నెల పబ్లిషర్‌కి ఇచ్చేశాను. వేస్తామన్నారు, ఒప్పందం కూడా అయింది. సంతోషంగా ఉండాల్సింది పోయి ఏదో పోగొట్టుకున్నదానిలా తిరుగుతున్నాను. రోజుకి పదిసార్లు మెయిల్ చూస్తున్నాను. ఫైలు తెరిస్తే పేజీకో తప్పు కనిపిస్తోంది. సరిచేసి మళ్లీ పంపనా? అసలు వాళ్లు ఇప్పుడేం చేస్తుంటారు?

జవాబు: ముందు ఆ ఫైలు మూసేయండమ్మా. మళ్లీ పంపే ఆలోచన అసలే వద్దు. నా మొదటి పుస్తకానికి నేను చేసిన ఘనకార్యం అదే. ‘ఫైనల్’ అని ఒకటి పంపాను, రెండ్రోజులకి ‘ఫైనల్ కొత్తది’, వారం తిరక్కుండా ‘ఇదే ఫైనల్’. ఈలోపు ఎడిటర్ మొదటిదాంట్లో అరవై పేజీలు దిద్దేసి ఉన్నారు. అదీ ఇదీ కలిపే గొడవలో మూడో అధ్యాయంలో అన్నగా ఉన్నవాడు పదకొండో అధ్యాయానికి తమ్ముడైపోయాడు. అచ్చులోనూ అలాగే ఉన్నాడు పాపం. తప్పు ఎవరిదో నాకు తెలుసు కాబట్టి ఎవర్నీ ఏమీ అనలేకపోయాను.

తప్పు కనబడితే ఒక కాగితం మీద అధ్యాయం సంఖ్య, ఆ వాక్యంలోని మొదటి రెండు మాటలు, ఏం మార్చాలో రాసి పెట్టుకోండి. పేజీ నంబర్లు వేసుకోకండి, లేఅవుట్ అయ్యాక అవి ఎలాగూ మారిపోతాయి. ఎడిటర్ దిద్ది పంపినప్పుడు ఆ కాగితం తీయండి. అప్పటికి దాంట్లో సగం తప్పులే కావని మీకే అనిపిస్తుంది.

వాళ్లేం చేస్తుంటారంటే, మీ ప్రతి ప్రస్తుతం వరసలో ఎక్కడో ఉండి ఉంటుంది, చాలాసార్లు నిజం అంతే. వంతు వచ్చాక ఒకరు మొత్తం చదివి కథ ఎక్కడ సాగదీశారో, ఎక్కడ అతుకు కనిపిస్తోందో చెబుతారు, ఆ తర్వాత వాక్యం వాక్యం పట్టుకుని దిద్దడం, పేజీలు కట్టడం, ప్రూఫులు (అచ్చుకి ముందు తప్పులు చూసుకోవడానికి ఇచ్చే పేజీలు), మరోపక్క అట్ట పని. ఇవన్నీ అవడానికి నెలలు పడుతుంది, కొన్నిచోట్ల ఏడాది దాటుతుంది. మెయిల్ పదిసార్లు చూసినా ఒకసారి చూసినా అదే.

ఇక ఆ దిగులు. నాలుగేళ్లు రోజూ ఒకే వేళకి ఆ మనుషులతో కూర్చున్నారు కదా, ఆ వేళ ఇంకా వస్తోంది, వాళ్లు రావడం లేదు. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు నవలా రచయిత ఆంథొనీ ట్రాలప్ తపాలా శాఖలో ఉద్యోగం చేస్తూనే రాసేవాడు, ఒక నవల ముగించిన మర్నాడే ఇంకోటి మొదలుపెట్టానని 1883లో వచ్చిన తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. అదంతా మనవల్ల కాదు, నావల్లయితే కానే కాదు. కానీ ఆ గంటని మాత్రం వదులుకోకండి. చిన్న పనులు చాలా ఉన్నాయి. వెనక అట్ట మీదికి వంద మాటలు రాసి చూడండి, నవలకన్నా కష్టం. కృతజ్ఞతల్లో ఎవరి పేరు మర్చిపోయారో చూసుకోండి. ఎవరిదైనా పాటో కవితో కథలో వాడారా? అయితే అనుమతి ఎవరు తీసుకోవాలో ఒప్పందంలో చూసి ఇవాళే ఉత్తరం రాయండి, జవాబుకి ఒక్కోసారి నెలలు పడుతుంది.

ప్రశ్న: ఎడిటర్ ప్రతి పేజీనీ ఎర్రగా చేసి పంపారు. నాకు అసలు రాయడం రాదా?

జవాబు: చదవండి, తిట్టుకోండి, ఆ రోజుకి మాత్రం జవాబు ఇవ్వకండి. మర్నాడు చూస్తే ఆ ఎరుపులో ఎక్కువ భాగం కామాలూ ఖాళీలే అని తెలుస్తుంది. మార్పులన్నీ ఒకేసారి ఒప్పేసుకునే బటన్ ఒకటుంటుంది, విసుగొచ్చినా దాని జోలికి పోకండి. నా కథలో ఒక ముసలావిడ ‘వచ్చినాడు’ అంటుంది, పుస్తకమంతా ఒకేలా ఉండాలని దాన్ని ‘వచ్చాడు’ చేశారు. కథనంలో అయితే సరే, ఆవిడ నోట్లో మాట ఎలా మారుస్తాం? పక్కన ‘ఆవిడ మాట ఇది, ఉండనివ్వండి’ అని రాశాను, వెంటనే ఒప్పుకున్నారు. కారణం ఒక్క లైనులో చెప్పగలిగితే పోట్లాట అక్కర్లేదు.

ప్రశ్న: ప్రూఫులు వచ్చాయి. ఇప్పుడు ఒక మంచి పేరా తట్టింది, చేర్చొచ్చా?

జవాబు: వద్దు. పేరా చేరితే చివరి లైన్లు తర్వాతి పేజీకి జారతాయి, ఆ జారుడు అధ్యాయం చివరిదాకా పోతుంది, అక్కడ ఒక పేజీ పెరిగితే విషయసూచికా మారాలి. పుస్తకాలు ఎక్కువగా ఫారాలుగా, అంటే ఒక్కో పెద్ద కాగితానికి పదహారేసి పేజీలుగా అచ్చవుతాయి కాబట్టి ఆ ఒక్క పేజీ కోసం లెక్కంతా మళ్లీ చూసుకోవాలి. ఫ్రెంచి రచయిత బాల్జాక్ ప్రూఫుల మీదే నవలలు తిరగరాసేవాడు, ఆ ఖర్చు తన జేబులోంచే పోయేది. మీ ఒప్పందం కూడా ఒకసారి తీసి చూడండి, ప్రూఫు దశలో రచయిత ఇంత శాతానికి మించి మార్పులు చేస్తే ఖర్చు రచయితదేనని చాలా ఒప్పందాల్లో ఉంటుంది.

ప్రూఫు కాగితం మీద, పైకి చదువుతూ, వీలైతే చివరి అధ్యాయం నుంచి మొదటికి చూడండి. కథలో పడిపోతే తప్పులు కనిపించవు. పెద్ద అక్షరాలని మాత్రం విడిగా చూడాలి, అధ్యాయం పేర్లూ, లోపలి అట్టా, మీ పేరూ. కన్ను చిన్న అక్షరాల్లోనే వెతుకుతుంది, పెద్దవి ఎలాగూ సరిగ్గానే ఉంటాయనుకుంటుంది.

ప్రశ్న: ఒక పబ్లిషర్‌కి పంపి ఆరు నెలలైంది, ఉలుకూ పలుకూ లేదు. ఇంకొకరికి పంపొచ్చా? ఈలోపు ఎవరైనా నా కథ కొట్టేస్తే?

జవాబు: ‘మాకు తప్ప ఎవరికీ పంపొద్దు’ అనే షరతు వాళ్ల నిబంధనల్లో లేకపోతే నిక్షేపంగా పంపండి. కాపీరైట్ సంగతంటారా, కాపీరైట్ గురించి దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందంలో ఉన్న దేశాల్లో అది రాసినప్పుడే మీకు వచ్చేస్తుంది, రిజిస్టర్ చేయించక్కర్లేదు. మీరు పంపిన మెయిల్‌నీ పాత చిత్తుప్రతుల్నీ పారేయకండి. మొదటివాళ్లకి చిన్న మెయిల్ ఒకటి రాయండి, నవల పేరు, పంపిన తేదీ, ‘ఇంకా మీ పరిశీలనలో ఉందా?’ అనే ఒక్క ప్రశ్న. ఆరు నెలలుగా పడుతున్న టెన్షన్ అంతా అందులో పెట్టకండి, అది కావాలంటే నాకు రాయండి.